తీరం మొత్తాన్ని కలిసి కనిపెట్టుకోవాలంటే: మీ ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఉప్పాడ దగ్గర సముద్రం ఊళ్లోకి ఎందుకొస్తోందో రాశాను కదా, దానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. శ్రీకాకుళం వైపు నుంచి సూళ్లూరుపేట దాకా రాశారు. అడిగింది ఎవరి ఊరి సంగతి వాళ్లే అయినా అన్నింట్లోనూ ఒకటే మాట కనపడింది: ఈ తీరం మొత్తాన్ని కలిపి చూసేవాళ్లు ఎవరైనా ఉన్నారా, లేకపోతే మనమే కలిసి ఏమైనా చెయ్యొచ్చా అని. అందుకే ఈ నెల వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఇదొక్కటే తీసుకున్నాను.

ప్రశ్న: సార్, నేను కాకినాడలో డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. పొల్యూషన్ బోర్డు వాళ్లు నీళ్ల శాంపిల్స్ తీస్తారు, ఫారెస్టు వాళ్లు తాబేళ్లు లెక్కపెడతారు, ఫిషరీస్ వాళ్లు చేపల లెక్క రాస్తారు, యూనివర్సిటీ పిల్లలు పీహెచ్‌డీల కోసం వచ్చి వెళ్తూనే ఉంటారు. ఇంతమంది కొలుస్తుంటే మళ్లీ ఇంకో ప్రోగ్రాం దేనికి?

జవాబు: మాస్టారూ, మీరన్నది నిజమే, కొలతలకి మన దగ్గర కొరత లేదు. 1991 నుంచే కేంద్రం కోమాప్స్ అని ఒక ప్రోగ్రాం పెట్టి దేశం చుట్టూ తీరం నీటిని కొలిపిస్తోంది, ఇప్పుడు అదే పని సముద్ర నీటి నాణ్యత పేరుతో చెన్నైలోని ఎన్‌సీసీఆర్ (జాతీయ తీర పరిశోధన కేంద్రం) చూస్తోంది. హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు విశాఖ దగ్గర సముద్రంలో బోయా (నీళ్ల మీద తేలుతూ కొలిచే పరికరం) పెట్టి నీళ్ల సంగతి ఎప్పటికప్పుడు చూస్తున్నారు. సముద్ర చేపల పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐ సర్వేయర్లు దశాబ్దాలుగా ఎంచుకున్న రేవులకి ఎంచుకున్న రోజుల్లో వెళ్లి, దిగిన బోట్లలో కొన్నింటిని పట్టుకుని ఏ చేప ఎంత పడిందో రాస్తున్నారు. విశాఖలో జాతీయ సముద్ర శాస్త్ర సంస్థ ఎన్‌ఐఓ కేంద్రం ఉంది, ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. వీళ్లలో ఒక్కరి పనిని కూడా నేను తక్కువ చెయ్యను, ఇవాళ మనకి తీరం గురించి తెలిసిందంతా వీళ్ల వల్లే తెలిసింది.

కానీ ఒక్కొక్కళ్లు ఒక్కో అవసరం కోసం కొలుస్తారు, అదీ అసలు చిక్కు. పొల్యూషన్ బోర్డుకి కావాల్సింది ఫలానా చోట నీళ్లు రూల్ ప్రకారం ఉన్నాయా లేదా అని, ఫిషరీస్‌కి కావాల్సింది ఎన్ని టన్నులు అని, ఫారెస్టుకి కావాల్సింది వాళ్ల హద్దులో ఎన్ని గూళ్లు అని. మడ అడవి తగ్గితే రొయ్య పిల్ల తగ్గిందా, ఏట్లో నీళ్లు తగ్గిన ఏడాది కాకినాడ బేలో ఉప్పు ఎంత పెరిగింది, అప్పుడు పీతలు ఏమయ్యాయి, ఇలా ఒకదానికి ఇంకోదాన్ని కలిపి చూసే పని ఎవరి డ్యూటీలోనూ లేదు. ఎవరైనా కలుపుదామని కూర్చున్నా కలవదు, ఎందుకంటే ఒకరు మార్చిలో కొలిచారు ఇంకొకరు అక్టోబర్‌లో కొలిచారు, ఒకరు పోటు మీద తీశారు ఇంకొకరు పాటు మీద తీశారు.

సముద్రం జిల్లా హద్దు చూసి ఆగదు కదా. మన తీరం వెంబడి నడిచే ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది, ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరం వైపు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణం వైపు. అంటే గోదావరి మొగల్లోంచి (నది సముద్రంలో కలిసే చోట్ల నుంచి) వచ్చిందేదైనా, మట్టి గానీ ఎరువు గానీ ప్లాస్టిక్ గానీ, ఒక కాలంలో విశాఖ వైపు పోతుంది, ఇంకో కాలంలో మచిలీపట్నం వైపు పోతుంది. ఇసుక సంగతి వేరు, అలలు తోసుకుపోయే ఇసుక ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానికే ఎక్కువ వెళ్తుంది, కాకినాడ ముందు హోప్ ఐలాండ్ ఉత్తరం వైపు సాగుతూ పెరిగింది అందుకే. విశాఖలో హార్బర్ గోడలు ఆ ఇసుకని ఆపేస్తాయి కాబట్టి ఆర్కే బీచ్ కోసుకుపోతూ ఉంటుంది, పోర్టు దగ్గర తవ్విన ఇసుకని మళ్లీ బీచ్ మీదకి పంపు చెయ్యాల్సి వస్తోంది.

ఇంకా పైకి వెళ్తే నదే ఉంది. రాజమండ్రి దగ్గర కొలిచిన లెక్కల ప్రకారం 1970ల్లో గోదావరి ఏడాదికి సగటున 150 మిలియన్ టన్నుల మట్టి తెచ్చేది, 2000 తర్వాత అది 57 మిలియన్ టన్నులకి పడిపోయింది, మిగతాది పైన డ్యాముల్లోనే ఆగిపోతోంది. కృష్ణ పరిస్థితి అయితే ఇంకా ఘోరం, దాదాపు ఏమీ రావట్లేదనే చెప్పాలి. ఎన్‌సీసీఆర్ 1990 నుంచి 2018 దాకా శాటిలైట్ బొమ్మలు చూసి చెప్పినదాంట్లో మన రాష్ట్ర తీరంలో 28 శాతం పైగా కోతకి గురవుతోంది. ఇప్పుడు చెప్పండి మాస్టారూ, ఉప్పాడలో ఇల్లు పడిపోతే దాని కారణం ఉప్పాడలో మాత్రమే వెతికితే దొరుకుతుందా? నాకు కావాల్సింది ఇంకో కొత్త ఆఫీసు కాదు, ఉన్నవాళ్ల కొలతలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడగలిగేలా ఉండటం.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె, రొయ్యల చెరువులు చేస్తాం. ఇలాంటి ప్రోగ్రాం అంటే వంద పారామీటర్లు రాసి ఫైలు తయారుచేస్తారు, రెండేళ్ల తర్వాత ఎవరూ చెయ్యరు. అసలు తప్పకుండా కొలవాల్సినవి ఏంటి?

జవాబు: మీ భయం సరైనదే, చాలా ప్రోగ్రాంలు పోయేది అక్కడే, లిస్టు పెద్దదైపోయి. నన్నడిగితే మొదటి రెండేళ్లు నీళ్లలో ఐదు చాలు: ఉప్పు, వేడి, పీహెచ్, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయి, ఆక్సిజన్ ఎంత ఉంది. ఇందులో సగం మీ చెరువు గట్టు మీద మీరు రోజూ చేసే పనే. మీ దగ్గరుండే సెలైనిటీ మీటర్, ఆ చిన్న దుర్భిణి లాంటిది, దాని అద్దం మీద చుక్క నీళ్లు వేసి వెలుగు వైపు పెట్టి చూస్తే నీలం తెలుపు కలిసే గీత దగ్గర ఎంతుందో కనపడుతుంది, అది కాలువలో పెట్టినా మొగలో పెట్టినా అలాగే పనిచేస్తుంది. గోదావరి కృష్ణ డెల్టాల్లో దాన్ని చూడటం వచ్చిన రైతులు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు, అంత శిక్షణ ఉన్న మనుషులు ఏ దేశంలోనూ ఊరికే దొరకరు, వాళ్లని వాడుకోకుండా బయటనుంచి టీమ్‌లని తేవడం నాకు అర్థం కాదు.

ఆక్సిజన్ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి, తప్పులు జరిగేది దాంట్లోనే. మీటర్ ఉంటే సరే, లేకపోతే పాత వింక్లర్ పద్ధతి ఉంది. గాజు మూత ఉన్న సీసాని నీళ్లలో ముంచి బుడగ ఒక్కటి కూడా లేకుండా నింపాలి, బుడగ ఉంటే ఆ గాలిలో ఆక్సిజన్ కూడా కలిసిపోతుంది. వెంటనే అక్కడికక్కడే పడవలోనే మాంగనస్ సల్ఫేట్, ఆ తర్వాత ఆల్కలీ అయొడైడ్ పైపెట్ కొస నీళ్లలో మునిగేలా పెట్టి వదలాలి, మూత పెట్టి నాలుగైదుసార్లు తిప్పాలి. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు ముద్దలా కట్టి మెల్లిగా కిందకి దిగుతుంది, ఆక్సిజన్ లేకపోతే అది తెల్లగానే ఉండిపోతుంది. మురుగు కాలువ కలిసే చోట ఆ తెల్లటి ముద్ద ఒక్కసారి కళ్లతో చూసినవాళ్లకి ఇంక గ్రాఫులు అక్కర్లేదు. ఇక్కడిదాకా పడవలో చేసేస్తే తర్వాత సీసాలు చీకట్లో పెట్టి ల్యాబ్‌కి తీసుకెళ్లొచ్చు, అక్కడ యాసిడ్ వేసి థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తారు, అంటే దాన్ని చుక్కచుక్కగా వేసి ఎంత పట్టిందో కొలుస్తారు. ఏమీ వెయ్యకుండా మామూలు బాటిల్లో ల్యాబ్‌కి మోసుకెళ్లి కొలిస్తే వచ్చే నంబర్ ఆ చోటుది కాదు, ఆ బాటిల్‌ది.

ఇంకోటి, టైము. మడ కాలువల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా తక్కువుంటుంది, రాత్రంతా అందరూ పీల్చుకున్నదే కదా, మధ్యాహ్నం ఎండకి నాచు తయారుచేసేసరికి పెరిగిపోతుంది. మీ చెరువులో ఏరేటర్లు రాత్రి ఎందుకు తిప్పుతారో అదే కారణం. కాబట్టి కోరంగిలో ఒకరు ఉదయం ఆరింటికి, నిజాంపట్నంలో ఒకరు మధ్యాహ్నం రెండింటికి కొలిచి కోరంగి చెడిపోయింది నిజాంపట్నం బాగుంది అంటే, ఇద్దరూ నిజాయితీగా కొలిచినా వచ్చిన మాట మాత్రం అబద్ధం. అందరూ ఒకే టైములో, పోటా పాటా అన్నది రాసి, ఎంత లోతున తీశారో రాసి పంపాలి. ఈ మూడూ రాయని నంబర్‌ని నేనైతే పక్కన పెట్టేస్తాను.

ల్యాబ్‌లో చేయాల్సినవి నైట్రేట్, ఫాస్ఫేట్, మలం తాలూకు బ్యాక్టీరియా. ఇవి అందరూ చెయ్యలేరు, మూడు నెలలకోసారి రెండు మూడు మంచి ల్యాబులు చేస్తే చాలు. స్నానాలు చేసే బీచ్‌లకి కేంద్ర పొల్యూషన్ బోర్డు పెట్టిన ప్రమాణం ఉంది, లీటర్‌కి 4 మిల్లీగ్రాములకి తగ్గకుండా ఆక్సిజన్, 100 మిల్లీలీటర్లకి 100కి మించకుండా ఆ బ్యాక్టీరియా, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య. కొలత మొదలుపెట్టినవాళ్లు దీన్ని గోడకి అంటించుకోవచ్చు. ఏడాదికోసారి ఒకే డ్రమ్ములో నీళ్లు తీసి అన్ని గ్రూపులకీ పంచి అందరినీ కొలవమనాలి, నంబర్లు కలవకపోతే ఎవరి మీటర్ ఎటు లాగుతోందో అప్పుడే తెలుస్తుంది. ఒకే ఇంట్లో మూడు కాటాలుండి మూడూ మూడు బరువులు చూపిస్తుంటే బిడ్డ పెరుగుతున్నాడో తగ్గుతున్నాడో ఎలా చెప్తాం.

ప్రశ్న: అన్నా, నేను పూడిమడక వైపు అబ్బాయిని, ఐటీఐ చదివాను, మా నాన్న బాబాయిలు వేటకెళ్తారు. మాకెప్పుడూ సర్వే అని వచ్చి అడుగుతారు, వెళ్లిపోతారు, తర్వాత ఏదో ఒక రూల్ వస్తుంది. మేం ఎక్కడ ఏం పడుతుందో చెప్తే రేపు అక్కడ వేట ఆపేస్తే? మేం ఎందుకు కలవాలి?

జవాబు: తమ్ముడూ, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది నీదే. నీ అనుమానం తీర్చకుండా ఏ ప్రోగ్రామూ మొదలు పెట్టకూడదు అని నా గట్టి అభిప్రాయం.

ముందు ఎందుకు కలవాలో చెప్తాను. సముద్రం మీద ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండేది మీ నాన్నే, ఏ శాస్త్రవేత్తా కాదు. నీళ్ల రంగు ఎప్పుడు మారింది, వలకి జిగురు ఎప్పుడు పట్టింది, కవళ్లు ముందొచ్చాయా ఆలస్యంగా వచ్చాయా, కానాగంతలు ఏ లోతుకి పోయాయి, జెల్లీ ఫిష్ ఎక్కడ నిండిపోయింది, చచ్చిన చేప తేలింది ఏ కాలువ మొగలో, ఇవన్నీ మొదట కనపడేది వేటగాడికి. ల్యాబ్ వాళ్లు మూడు నెలలకోసారి వస్తే మధ్యలో జరిగిందంతా వాళ్లకి తెలీదు. ఫ్యాక్టరీ పైపు నుంచి ఏదో వదిలారని మీరు గొడవ చేసినప్పుడు మీ దగ్గర కాగితం మీద ఏమీ ఉండదు, అవతలివాళ్ల దగ్గర రిపోర్టులు ఉంటాయి. అదే రెండు మూడేళ్లు మీ రేవులో మీరే రాసుకున్న పుస్తకం ఉంటే, ఏ తారీకు నీళ్లు ఎలా ఉన్నాయి, ఎన్ని బోట్లు వెళ్తే ఎంత పడింది అని, అప్పుడు మాట్లాడే తీరే వేరు. అంటే ఈ లెక్క ముందు మీకోసం, తర్వాతే ఆఫీసులకోసం.

రాయడం కూడా కష్టం ఏం కాదు. రేవులో ఒకళ్లు, చదువుకున్న ఆడపిల్లలు అయితే ఇంకా బాగా రాస్తారు, రోజూ ఐదు బోట్లని అడిగితే చాలు: ఎన్ని గంటలకి వెళ్లారు, ఎంతసేపు వల వేశారు, ఏ వల, ఏం పడింది. మొత్తం ఎన్ని కేజీలు అన్నది ఒక్కటే రాస్తే మోసపోతాం, ఎందుకంటే చేప తగ్గినా బోట్లు పెరిగితే టన్నులు అలాగే కనపడతాయి, గంట వేటకి ఎంత పడింది అన్నదే అసలు సంగతి చెప్తుంది. చేప పేర్లు మీరు పిలిచేవే రాయండి, శాస్త్రీయ నామాల పట్టిక కాలేజీ వాళ్లు చూసుకుంటారు, ఒక్కో పేరుకి ఒక ఫొటో మాత్రం తీసి ఉంచండి, పక్క జిల్లాలో అదే చేపకి వేరే పేరు ఉండొచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, నిషేధానికి ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు తప్పకుండా రాయాలి, ఆ తేడా చూస్తేనే నిషేధం పనిచేస్తోందో లేదో తెలుస్తుంది.

ఇక నీ భయం. మీకు చేప పడే చోటు మీ ఆస్తి, అది ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎక్కడ అన్నది రేవు పేరు దాకా రాస్తే చాలు, జీపీఎస్ పాయింటు ఇవ్వొద్దు, ఈ మాట మొదట్లోనే కాగితం మీద రాయించుకుని గ్రామ పెద్దల సంతకాలతో ఒక కాపీ ఊళ్లో ఉంచుకోవాలి. లెక్క మొత్తం ఏడాదికోసారి మీ ఊరి రామాలయం దగ్గరో కమ్యూనిటీ హాల్లోనో తెలుగులో చదివి వినిపించాలి, మీరు కాదంటే సరిచెయ్యాలి, ఆ తర్వాతే పైకి పోవాలి. అలా ఒప్పుకోనివాళ్లతో కలవొద్దనే నేను నీకు చెప్తాను.

ఒక్క విషయం మాత్రం దాచకుండా చెప్తా. లెక్క నిజంగా రాస్తే మనకి నచ్చనిది కూడా బయటికి వస్తుంది. తీరానికి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేట చెయ్యకూడదని మన రాష్ట్రంలో రూల్ ఉంది, అది ఎంతవరకు నడుస్తోందో మీకు తెలుసు. జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మరబోట్లు ఈడ్చుకెళ్లే ట్రాల్ వలల్లో ఊపిరాడక చచ్చి ఒడ్డుకి కొట్టుకొస్తున్నాయి. తెప్పలు, ఫైబర్ పడవల మీద బతికేవాళ్లకి ఆ రూల్ నష్టం కాదు, నిజానికి మీ వలలు తెగకుండా కాపాడేది అదే. ఈ లెక్క మీ వైపే ఎక్కువ మాట్లాడుతుంది అనుకుంటున్నాను.

ప్రశ్న: మడ మొక్కలు నాటించాం మా స్కూలు పిల్లలతో, లెక్క కూడా రాశాం. ఇది మానిటరింగ్ కిందకి వస్తుందా? (కోనసీమ నుంచి ఒక టీచరమ్మ)

జవాబు: మంచి పని చేశారమ్మా, కానీ నాటినవాటి లెక్క మానిటరింగ్ కాదు, మిగిలినవాటి లెక్క మానిటరింగ్. ఏడాది తర్వాత ఎన్ని బతికాయి, మూడేళ్ల తర్వాత ఎన్ని. నీళ్లు వచ్చి పోని చోట మడ మొక్క ఎంత నాటినా చచ్చిపోతుంది, మట్టిలో ఉప్పు పేరుకుపోయి. కృష్ణా గోదావరి మొగల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటు నీళ్లని లోపలికి తెచ్చి నాటిన చోట బాగా నిలిచాయి, చేసిన ముఖ్యమైన పని నీళ్లకి దారి ఇవ్వడమే. మీ పిల్లలతో ఒక పని చేయించండి, 10 మీటర్లు 10 మీటర్ల చదరం ఒకటి తాళ్లతో కట్టి నాలుగు మూలలా గట్టి గుంజలు పాతండి, లోపల ఉన్న ప్రతి చెట్టుకి నంబర్ బిళ్ల కట్టి, తెల్లమడ నల్లమడ తిల్ల ఉప్పుపొన్న ఏదైతే అది పేరు రాసి, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున చుట్టుకొలత తీయండి. ప్రతి ఏడాదీ అదే నెలలో అదే చదరం, బ్యాచ్ మారినా చదరం మారకూడదు. ఫారెస్టు వాళ్ల పర్మిషన్ ముందే తీసుకోండి, కోరంగి అభయారణ్యం లోపల అయితే అది లేకుండా అడుగు పెట్టకూడదు, పిల్లల్ని పోటు టైము చూసుకుని తీసుకెళ్లండి. రాష్ట్రంలో 400 చదరపు కిలోమీటర్లకి పైగా మడ ఉందని ఫారెస్ట్ సర్వే చెప్తుంది, అది శాటిలైట్ నుంచి చూసిన పచ్చదనం, లోపల ముసలి చెట్లే ఉన్నాయా పిల్ల మొక్కలు వస్తున్నాయా అన్నది మీ చదరమే చెప్పాలి.

ప్రశ్న: నేను విశాఖలో బీటెక్ చదువుతున్నాను. మా ఫ్రెండ్స్ అంతా ఆదివారం బీచ్‌కి వెళ్లి ఫొటోలు తీసి యాప్‌లో పెడతాం. వీటికి సైన్సులో విలువ ఉంటుందా అండి, లేక టైంపాసేనా?

జవాబు: విలువ ఉంటుంది తల్లీ, ఒక షరతు మీద. ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ అని ఉంది, 1987 నుంచి నడుస్తోంది, ప్రతి జనవరిలో ఆసియా అంతటా వాలంటీర్లు తమ దగ్గరున్న చెరువులు, తీరాలకి వెళ్లి నీటి పక్షులని లెక్కపెడతారు. కాకినాడ దగ్గర మేటల మీద ఇండియన్ స్కిమ్మర్ లాంటి అరుదైన పక్షులు దిగే సంగతి బయటికి తెలిసిందీ ఇలా కూర్చుని లెక్కపెట్టినవాళ్ల వల్లే. వాళ్లలో అందరూ సైంటిస్టులు కాదు. కానీ అందరూ ఒకే కాలంలో, ఒకే ఫారంలో, ఏడాది తర్వాత ఏడాది అదే చోట లెక్కపెడతారు. అందుకే అది పనికొస్తోంది.

మీరు కూడా అలా మార్చుకోండి. రుషికొండ దగ్గరో యారాడ వైపో పాటు బాగా దిగినప్పుడు రాళ్ల మధ్య నీటి గుంటలు బయటపడతాయి కదా, అక్కడ ఒకే రాతి భాగాన్ని ఎంచుకుని నెలకోసారి అదే గుంటలు చూడండి, ఫొటోలో పక్కన స్కేలో రూపాయి బిళ్లో పెట్టండి, రాయి తిప్పితే మళ్లీ అలాగే పెట్టండి. ఏమీ కనపడకపోతే ఏమీ కనపడలేదని కూడా రాయాలి, ఇది చాలామంది చెయ్యరు, అందంగా ఉన్నది దొరికినప్పుడే పోస్ట్ చేస్తారు. కనపడలేదు అని రాసిన రోజులు లేకపోతే తగ్గిందో లేదో ఎవరికీ తెలీదు. తాబేళ్ల సీజన్‌లో తెల్లవారి నడిచేవాళ్లు ఒక పని చేస్తారు, చచ్చిన తాబేలు కనపడితే ఫొటో తీసి, డొప్ప పొడవు టేపుతో కొలిచి, డొప్ప మీద రంగుతో గుర్తు పెడతారు, రేపు ఇంకో గ్రూపు వచ్చి దాన్నే మళ్లీ లెక్కపెట్టకుండా. కాస్త పెయింటు డబ్బాతో అయిపోయే పని, కానీ అది లేక లెక్కలు ఎంత పెరిగిపోతాయో ఊహించుకో. గుర్తు ఏ రంగు అన్నది కూడా తీరం మొత్తం ఒకటే ఉండాలి, ఈ కలిసి చెయ్యడం అన్న మాటకి నిజమైన అర్థం ఇలాంటి చిన్నవాటిలోనే ఉంది.

ప్రశ్న: సూళ్లూరుపేట నుంచి రాస్తున్నాను, రిటైర్డ్ ఉద్యోగిని. పులికాట్ సరస్సు సగం ఇక్కడ సగం తమిళనాడులో. రెండు రాష్ట్రాలు, ఎన్నో డిపార్టుమెంట్లు. ఎవరు ఎవరి మాట వింటారు?

జవాబు: సగం కాదు సార్, సరస్సులో ఎక్కువ భాగం మన వైపే ఉంది, కానీ సముద్రంతో ఎక్కువగా తెరుచుకుని ఉండే మొగ తమిళనాడు వైపు పులికాట్ ఊరి దగ్గర ఉంది. మన వైపు కొండూరుపాలెం, రాయదొరువు మొగలు ఇసుకతో పూడుకుపోతుంటాయి, దాంతో ఎండాకాలం ఉత్తర భాగం ఎండిపోయి ఉప్పు తేలుతుంది, ఫ్లెమింగోలకీ తిండి ఉండదు, జాలర్లకీ ఉండదు. శ్రీహరికోట రోడ్డు కూడా సరస్సుని అడ్డంగా కోసింది. ఇదంతా ఒకే నీరు, దీన్ని రెండు ఫైళ్లుగా చూసినంతకాలం ఎవరికైనా సగం కథే తెలుస్తుంది.

కష్టం అంటారా, మనకంటే కష్టమైన చోట చేశారు. బాల్టిక్ సముద్రం చుట్టూ ఉన్న దేశాలు 1974లో హెల్సింకీలో ఒప్పందం చేసుకున్నాయి, అప్పుడు ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తోంది, సోవియట్ యూనియనూ పశ్చిమ జర్మనీ ఒకే కాగితం మీద సంతకం పెట్టాయి. తర్వాత అందరూ ఎలా శాంపిల్ తియ్యాలో ఒకే మాన్యువల్ రాసుకున్నారు. డెన్మార్క్, జర్మనీ, నెదర్లాండ్స్ కలిసి వాడెన్ సముద్రాన్ని చూసుకుంటున్నాయి, ఎవరి దేశంలో వాళ్లే కొలుస్తారు, మధ్యలో ఒక చిన్న సెక్రటేరియట్ ఉంటుంది. ఇద్దరి దగ్గరా నేను గమనించింది ఏంటంటే, అధికారం ఎవరిది అన్న గొడవ ముందు తేల్చుకోలేదు, ముందు కొలత ఒకటి చేసుకున్నారు.

పక్కనే చిలికా ఉంది. 1991లో ఒడిశా ప్రభుత్వం చిలికా డెవలప్‌మెంట్ అథారిటీ పెట్టింది. అప్పటికి సరస్సు పూడిపోయి, కలుపు పెరిగి, ఉప్పు తగ్గిపోయి, చేప పడక అల్లాడుతోంది, 1993లో రామ్‌సర్ (చిత్తడి నేలల అంతర్జాతీయ ఒప్పందం) వాళ్లు ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో కూడా చేర్చారు. కొలతలు తీసి, మోడల్ వేసి చూసుకుని, 2000 సెప్టెంబర్‌లో సముద్రానికి కొత్త మొగ తవ్వారు. రెండు మూడేళ్లలోనే చేప ఎన్నో రెట్లు పెరిగింది, 2002లో ఆ ప్రమాద జాబితా నుంచి కూడా బయటికి వచ్చింది. మొగ తవ్వడం అందరికీ గుర్తుంటుంది, తవ్వకముందు తవ్విన తర్వాత క్రమం తప్పకుండా కొలిచారు కాబట్టే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో చెప్పగలిగారు అన్నది ఎవరూ చెప్పరు. పులికాట్‌లో మొగల పూడిక తీసే పని ఎప్పుడు జరిగినా కనీసం ఏడాది ముందు నుంచి రెండు వైపులా ఉప్పు, లోతు, చేప లెక్క రాసి పెట్టకపోతే, తర్వాత బాగుపడ్డా ఎందుకు బాగుపడిందో తెలీదు, చెడిపోయినా అంతే. మీలాంటి ఆఫీసు పద్ధతి తెలిసిన పెద్దలు రెండు వైపులా ఒకే రిజిస్టర్ నమూనా పెట్టించే పని మీద కూర్చుంటే చాలా మేలు జరుగుతుంది సార్, నిజంగా అడుగుతున్నాను.

ప్రశ్న: మేరీల్యాండ్‌లో ఉంటున్నాం, సొంతూరు బాపట్ల. ఇక్కడ చెసపీక్ బేకి ఏటా స్కూలు పిల్లలకిచ్చినట్టు గ్రేడు కార్డు ఇస్తారు. మన తీరానికి అలాంటిది పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు, మీరుండే చోటికీ దీనికీ సంబంధం కూడా ఉంది, చిలికాకి 2012లో గ్రేడు కార్డు తయారుచేసినప్పుడు యూనివర్సిటీ ఆఫ్ మేరీల్యాండ్ వాళ్లు కలిసి పనిచేశారు, నీళ్లు, చేపలు, జీవజాలం మూడూ చూసి బి గ్రేడు ఇచ్చారు. జనానికి అర్థమవడానికి దానంత మంచిది ఇంకోటి లేదు. నా భయం ఒక్కటే, గ్రేడు ముందు వచ్చి కొలత వెనక పడటం. చెసపీక్ చుట్టూ రాష్ట్రాలు 1983లో ఒప్పందం చేసుకుని 1984 నుంచి నీళ్లు కొలుస్తూ వచ్చాయి, ఆ పునాది మీద గ్రేడు నిలబడింది. మన దగ్గర రెండు చోట్ల నాలుగు శాంపిల్స్ తీసి కాకినాడకి సి, సూర్యలంకకి ఏ అని ఇచ్చేస్తే టూరిజం బోర్డు మీద రాసుకోవడానికి తప్ప పనికిరాదు. కనీసం మూడేళ్ల లెక్క వచ్చాక, భాగాలు భాగాలుగా ఇవ్వాలి, తీరం మొత్తానికి ఒక అక్షరం ఇస్తే మంచి చోట్ల వెనక చెడ్డ చోట్లు దాక్కుంటాయి. మీ దగ్గర ఈ పనిచేసే తెలుగువాళ్లెవరైనా ఉంటే డేటాబేస్ ఎలా పెట్టారో, ఫారాలు ఎలా ఉన్నాయో పంపించండి, డబ్బు కంటే అదే ఎక్కువ అవసరం.

ప్రశ్న: డబ్బు ఎక్కడినుంచి?

జవాబు: మొదటి ఏడాది కావాల్సింది చాలా తక్కువ. సెలైనిటీ మీటర్లు, థర్మామీటర్లు, వింక్లర్ మందులు, సీసాలు, రిజిస్టర్లు, పడవకి డీజిల్. కాలేజీలకి ప్రాజెక్టు పని కింద, పోర్టులు, కంపెనీలకి సీఎస్ఆర్ (సమాజం కోసం కంపెనీలు పెట్టే ఖర్చు) కింద అడగొచ్చు, కానీ కంపెనీ డబ్బిస్తే వాళ్ల పైపు పక్కన శాంపిల్ తీసే హక్కు వదులుకోకూడదు, ఈ ఒక్క మాట మీద రాజీ వద్దు. ఖర్చయ్యేది డేటా ఒకచోట పెట్టి సరిచూసే మనిషి జీతం, అది పదేళ్లపాటు ఆగకుండా ఇవ్వగలిగేది ప్రభుత్వమే.

ప్రశ్న: మచిలీపట్నంలో మా ఎన్ఎస్ఎస్ యూనిట్ రెడీగా ఉంది. ఎప్పుడు, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: జనవరిలో మొదలుపెట్టండి, పక్షుల లెక్క, తాబేళ్ల సీజన్ రెండూ అప్పుడే ఉంటాయి, సముద్రం కూడా శాంతంగా ఉంటుంది. తర్వాత ఏప్రిల్ మొదట్లో నిషేధానికి ముందు, మళ్లీ ఆగస్టు చివర వరద నీళ్లు దిగేటప్పుడు, మళ్లీ నవంబర్‌లో, నాలుగుసార్లు. ఒకే రోజు ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య, మూడు చోట్ల తియ్యండి: కాలువ కలిసే చోట, మొగలో, ఊరికి దూరంగా తేటగా ఉండే తీరంలో ఒకటి, ఆ మూడోది లేకపోతే మిగతా రెండూ దేనితో పోల్చాలో ఉండదు. తుఫాను హెచ్చరిక ఉంటే వెళ్లొద్దు, ఆ సారి ఖాళీ వదిలెయ్యండి, తర్వాత వెళ్లి పాత తారీకు మాత్రం వెయ్యొద్దు. కాకినాడ, నిజాంపట్నం నుంచి కూడా ఇదే అడిగినవాళ్లు ఉన్నారు, వాళ్లకీ ఇవే తేదీలు చెప్పాను. ఫారం నమూనా తెలుగులో ఒక పేజీది తయారవుతోంది, వచ్చే సంచికలో మధ్య పేజీగా వేస్తాం, చింపి జెరాక్స్ తీసుకోండి.